పశువులపాకలోని పాము: దాని జాతిని గుర్తించు విధము

పశువులపాకలో పాము కనబడినపుడు మన పల్లెలలో రెండు మాటలు వినబడును. మొదటిది, "జెర్రిపోతు వచ్చి ఆవుకాళ్లకు చుట్టుకొని పాలు త్రాగిపోయినది" అనునది. రెండవది, "అది కట్లపాము, కొట్టుడు" అనునది. మొదటి మాటవలన ఎలుకలను దిని మనకు మేలుచేయు జంతువు చచ్చును. రెండవ మాటవలన ఎప్పుడో యొకపుడు నిజమైన కట్లపాము చచ్చును. పెక్కుమారులు విషములేని పాము చచ్చును. ఇంక కొన్నిచోట్ల "ఇది విషములేనిదే" యని చేతబట్టినవాడే ప్రాణము గోల్పోవును. ఈ మూడింటికిని మూలమొక్కటే. పామును రంగునుబట్టియు, కథనుబట్టియు గుర్తింతుమే గాని, దాని శరీరమును జూచి గుర్తింపము. కావున ఈ నెల ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాను.

ఈ వ్రాతకు మఱియొక కారణముకూడ కలదు. మన ప్రాంతమునుండి బెంగుళూరు పోయి ఉద్యోగము చేసికొనుచున్న యువకుడొకడు సెలవులకు వచ్చినపుడు, తన స్నేహితుడు గాజుపెట్టెలో పెంచుచున్న పాము ఛాయాచిత్రమును నాకు చూపెను. ఎఱుపు, నలుపు, తెలుపు కట్లతో అది చూడ ముచ్చటగా నున్నది. "ఇది అమెరికా దేశపు పాలపామట. ఏ ఉపజాతియో చెప్పుడు" అని యతడడిగెను. అమ్మినవానికి దాని పుట్టుచోటు తెలియదట. కొన్నవానికి అంతకంటె తెలియదు. ఎఱ్ఱకట్లు ఇన్ని, నల్లకట్లు ఇన్ని యని లెక్కించి, పుస్తకమునందలి చిత్రముతో సరిపోల్చుకొని వారు కొన్నిమాసములుగా వాదులాడుకొనుచున్నారు. వారికి నేను చెప్పిన సమాధానము మన పాకలోని పామునకును పనికివచ్చును.

ఉపజాతి యనగా నేమో ముందు తెలిసికొనవలెను. ఒకే జాతి జంతువు విశాలమైన దేశమంతట వ్యాపించియుండగా, ఒక్కొక్క సీమలోనిది రంగునందో, పొలుసుల లెక్కయందో, పరిమాణమునందో కొంత వేఱుపడియుండును. అట్టి సీమభేదమునకే ఉపజాతి యని పేరు. మన పశువులలోని ఒంగోలు, హళ్లికారు భేదములు మనుష్యుడు ఏర్చి కూర్చి నిలిపినవి. ఉపజాతులు నేలయు, వానయు, కాలమును గలసి నిలిపినవి. కావున ఉపజాతిని నిర్ణయించుటలో మొట్టమొదటి సాక్ష్యము పామునొడలిమీద లేదు. అది ఏ సీమలో పట్టబడినదో ఆ చోటే సాక్ష్యము.

అమెరికా పాలపామునకు 1789లో ఫ్రాన్సు దేశపు పండితుడు లాసెపీడు శాస్త్రనామ మొసగెను. ఆ జాతి కెనడా దక్షిణభాగమునుండి దక్షిణ అమెరికా ఉత్తరభాగమువఱకు వ్యాపించియున్నదని చిరకాలము తలంచిరి. కెన్నెతు విలియమ్సు అను శాస్త్రజ్ఞుడు 1978లో దానిని పరిశీలించి సుమారు 25 ఉపజాతులుగా విభజించెను. 2014లో మఱికొందఱు శాస్త్రజ్ఞులు వాని వంశబీజములను పరీక్షించి, ఇది ఒక్క జాతి కాదనియు, ఏడు వేర్వేఱు జాతులనియు ప్రకటించిరి. పూర్వము ఉపజాతులని చెప్పబడినవానిలో పెక్కింటికి బీజములలో స్పష్టమైన హద్దులే కానరాలేదు. శాస్త్రజ్ఞులే ఇట్లు గీతలు చెరిపి మరల గీయుచుండగా, పెట్టెలలో తరతరములుగా ఇష్టమువచ్చినట్లు జతకట్టించి పుట్టించిన పామునకు రంగును జూచి ఉపజాతిపేరు పెట్టుట యెట్లు పొసగును? సంతలో కొన్న కోడెకు తల్లిదండ్రులు తెలియనిచో, తెల్లగా నున్నదని దానిని ఒంగోలుజాతి యని రిజిస్టరులో వ్రాయుదుమా? వ్యాపారి కొట్టులో కలగలిపిన వేరుసెనగవిత్తులను చేతబట్టి ఇది కదిరి-6 అని ఎవరైన ప్రమాణము చేయగలరా? "ఇది పాలపాముల గుంపులోనిది, పుట్టుక తెలియదు" అని వ్రాసికొనుటయే సత్యమని ఆ యువకునకు చెప్పితిని. అతనికి ఈ సమాధానము రుచించినట్లు లేదు.

మనకు ఆసక్తికరమైనది ఆ పాము పేరు. దానికి పాలపామని పేరు ఎందుకు వచ్చినది? అమెరికా రైతుల పశువులశాలలలో అది తఱచుగా కనబడుటచేత, రాత్రివేళ ఆవుల పాలు త్రాగుచున్నదని వారు నమ్మిరి. అది వచ్చుచున్నది ఎలుకలకొఱకు. పదివేలమైళ్ల దూరములో, మన ముఖమెఱుగని రైతు, మన జెర్రిపోతుమీద మనము మోపిన నేరమునే తన పాముమీద మోపినాడు! ఎలుక ఉన్నచోట పాము ఉండును. పశువుల దాణా ఉన్నచోట ఎలుక ఉండును. రెండుదేశములలోను పాముమీద అపవాదు మిగిలినది, ఎలుకను అడిగినవారు లేరు.

పాము పాలు పీల్చలేదనుటకు దాని నోరే సాక్షి. పీల్చుటకు దూడకు మెత్తని పెదవులును, బుగ్గలును, చన్నును చుట్టిపట్టు వెడల్పైన నాలుకయు కలవు. పామునకు పెదవులు మృదువుగా నుండవు, నాలుక దారమువలె సన్ననై చీలియుండును, పండ్లు సూదులవలె గొంతువైపునకు వంగియుండును. అట్టి నోటితో చన్ను పట్టినచో ఆవు నిలుచునా? ఒక్క తన్నుతో పాకకప్పు ఎగిరిపోవును. నాగులచవితినాడు పుట్టలో పోయు పాలనుగూర్చి నేను వాదింపను, అది భక్తివిషయము. కాని పాములవాడు బుట్టలోని పాముచేత పాలు త్రాగించినట్లు చూపునపుడు, దానిని దినములతరబడి దప్పితో మాడ్చినాడని తెలిసికొనుడు. పాలు పాముయొక్క ఆహారము కావు.

అట్లయిన పాలు ఎందుకు తగ్గినవి? ఇట్టి ఫిర్యాదు వచ్చినపుడు నేను మొదట పాలగిన్నె కడుగను, పొదుగు చూతును. నల్లగుడ్డమీద నాలుగుచన్నుల పాలను వేర్వేఱుగా పిండి చూచిన, ఒకదానిలో గడ్డలో, పీచులో, నీటివంటి పాలో కనబడిన అది పొదుగువాపు. చన్నుమీది పగుళ్లు, పుండ్లు పాముకాటులని పొరపడుదురు. త్రాడు తెంచుకొన్న దూడ, వేసవిలో పచ్చిమేత లేమి, ఈతకాలము దాటిపోవుట, ఇవన్నియు కారణములే. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన గురియు మన మెట్టసీమలో మేతకఱవే పెద్ద దొంగ. జెర్రిపోతును చంపినవారికి మఱునాడు పాలు పెరుగవు, ఎలుకలు పెరుగును. కళ్లములో వేరుసెనగకాయల కుప్ప ఉన్న రైతునకు ఈ లెక్క ఎక్కువగా చెప్పనక్కఱలేదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ననుసరించి జెర్రిపోతును, నాగుపామును, రక్తపింజరను చంపుటయు, పట్టి పెంచుటయు నేరమని కూడ తెలిసియుండవలెను.

ఇంక కట్లపాము సంగతి. ఇది కథ కాదు, ప్రాణవిషయము.

అమెరికాలోని పాలపాములలో కొన్నిటికి విషముగల పగడపుపాముయొక్క రంగులే కలవు. విషములేని పాము విషముగలదాని వేషము ధరించి శత్రువులను బెదరించును. అచ్చటివారు రంగులకట్ల వరుసను జూచి రెండింటిని వేఱుచేయు ఒక గుర్తును కల్పించుకొనిరి. అది వారి దేశపు తూర్పుభాగములో సరిపోవును, దక్షిణమునకు పోయినకొలది తప్పిపోవును. మన సీమలో ఈ వేషధారి యొకటి కలదు. ఇంగ్లీషువారు దానిని తోడేలుపాము అందురు. దాని ముందుపండ్లు పొడవుగా తోడేలుకోఱలవలె నుండుటచే ఆ పేరు వచ్చినది. మనవారు పెక్కుచోట్ల దీనినికూడ కట్లపామనియే పిలుతురు. ఇది విషము లేనిది. బల్లులను దిని బ్రతుకును. గోడల పగుళ్లలోను, దూలములమీదను దాగియుండును. దీనికిని కట్లపామునకును దీపపు వెలుతురులో భేదము తెలియుట కష్టము.

పగటివెలుతురులో, దూరమునుండి, ఈ భేదములు చూడవచ్చును. కట్లపాము నిగనిగలాడు నలుపు, లేక నీలము కలసిన నలుపు. తెల్లనికట్లు సన్నగా, తఱచుగా జంటజంటలుగా నుండును. తలకు దగ్గఱ అవి లేకయో మసకగానో యుండి, తోకవైపు పోయినకొలది స్పష్టమగును. తోడేలుపాము గోధుమవన్నె లేక బూడిదవన్నె. దాని కట్లు మెడయొద్దనే వెడల్పుగా మొదలై తోకవైపు పోయినకొలది మాసిపోవును. ఎదిగిన కట్లపాము గజము పొడవును మించియుండును. తోడేలుపాము సాధారణముగా రెండడుగులకు లోపల. ఐనను ఈ గుర్తులను నమ్మి చేయి చాపరాదు. కట్లపాముపిల్లకు మెడవఱకు కట్లుండును, పొడవుకూడ తక్కువ. కొన్ని ఎదిగిన కట్లపాములకు కట్లు చెరిగి ఒడలంతయు నల్లగానే యుండును. రంగు అబద్ధమాడును.

అబద్ధమాడనివి పొలుసులు. కట్లపాము వీపునడుమ, వెన్నెముకవెంబడి ఒక వరుస పొలుసులు మిగిలినవానికంటె పెద్దవై ఆరుమూలలుగా నుండును. తోడేలుపామునకు వీపునడిమి పొలుసులు ప్రక్కవానివంటివే. తోకక్రింద పలకలు కట్లపామునకు ఒక్కొక్కటిగా అడ్డముగా నుండును. తోడేలుపామునకు రెండేసిగా చీలియుండును. నడిమిభాగమున పొలుసులవరుసలు మొదటిదానికి 15, రెండవదానికి 17. ఈ మూడింటిలో వీపునడిమి వరుసయు, తోకక్రింది పలకలును కలిసినచో సందేహముండదు.

"పాము తోకను తిరగవేసి చూడమందురా?" అని మీరు నవ్వవచ్చును. వలదు, వలదు. చచ్చినపామును కూడ చేతబట్టవలదు. తెగినతల కొంతసేపటివఱకు కఱవగలదు. నేను చూడుమనునది కుబుసమును. పాము విడిచిన కుబుసములో పొలుసు పొలుసు అచ్చుపోసినట్లు నిలిచియుండును. రంగు పోవును, అబద్ధమాడునది పోయి నిజము చెప్పునది మిగులును. ఇంటిచూరులోనో, గడ్డివామిక్రిందనో దొరకిన కుబుసమును కఱ్ఱతో తీసి గోరువెచ్చని నీటిలో కొంతసేపు నానబెట్టి, తెల్లకాగితముమీద మెల్లగా పఱచి, ఆరిన తరువాత భూతద్దముతో చూడుడు. వీపునడిమి పెద్దపొలుసుల వరుస, తోకక్రింద చీలని పలకలు రెండును కనబడిన, ఆ యింట నేలమీద పండుకొనరాదు. 17 వరుసలు, మనిషిని మించిన పొడవు, చీలిన పలకలు కలదైన అది బహుశః జెర్రిపోతుది, దానిజోలికి పోకుడు. వరుసలు 27కు మించి, ఒక్కొక్క పొలుసు నడుమ గీతవలె గట్టు ఉన్నయెడల అది పింజరజాతిదని అనుమానింపవలెను. పోయిన సంవత్సరము ఒక సభ్యురాలు వార్తాపత్రికలో చుట్టి ఇట్టి కుబుసము నొకదానిని కార్యాలయమునకు తెచ్చినది. గుమాస్తా బల్లమీదినుండి లేచి గడపయవతల నిలుచుండెను. ఆమె మాత్రము కన్నడకంబళి అంచుపోగులు లెక్కించినట్లు పొలుసులు లెక్కించి, పదునేడని చెప్పినది. మగ్గమెఱిగిన చేతికి ఇది కష్టమైన విద్య కాదు.

పాముల పేర్లలో మన తెలుగుకు ఒక గౌరవము కలదు. పాట్రిక్ రస్సెలు అను వైద్యుడు విశాఖపట్టణమున నుండి కోరమాండలు తీరపు పాములను సేకరించి, 1796లో పెద్దగ్రంథముగా ప్రకటించెను. స్థానికులు చెప్పిన తెలుగుపేర్లనే ఆయన ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. పసుపుకట్లుగల పామునకు "బంగారుపాము" అని వ్రాసికొనిన పేరునుండియే, 1803లో దోడెన్ అను ఫ్రెంచి పండితుడు కట్లపాముల వంశమంతటికిని "బుంగారస్" అను శాస్త్రనామమును కల్పించెను. నేడు ప్రపంచమున ఏ విశ్వవిద్యాలయములో కట్లపామునుగూర్చి వ్రాసినను మన బంగారమే పలుకును. రక్తపింజరకు ఇంగ్లీషువారు ఆ వైద్యుని పేరే పెట్టుకొనిరి.

ఉపజాతి, పుట్టుచోటు అను మాటలు గాజుపెట్టె వినోదమునకే కాక మన ప్రాణములకును సంబంధించినవే. మన రాళ్లగుట్టలలో చిన్నపింజర యను పాము కలదు. జానెడు, మూరెడు పొడవే గాని మహాకోపి. చుట్టలుచుట్టి పొలుసులను రాచి బుస్సుమని రంపపుచప్పుడు చేయును. తలమీద పక్షిపాదమువంటి తెల్లనిగుర్తు ఉండును. ఈ పామునకు మన దక్షిణదేశమున ఒక ఉపజాతియు, రాజస్థానము మొదలగు వాయవ్యభాగములలో మఱియొక పెద్ద ఉపజాతియు కలవు. రెండింటి విషమును సమానము కాదు. దక్షిణపు పాముల విషముతో చేసిన మందు రాజస్థానపు కాటునకు తక్కువగా పనిచేయుచున్నదని వైద్యులు గమనించిరి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ పరిశోధకులును, ఒకే జాతి పాము విషము సీమసీమకు మాఱుచున్నదని ఇటీవల నిరూపించిరి. పాము ఎచ్చటిదో తెలియుట ఇందుచేత ముఖ్యము.

ఆ మందునకు కావలసిన విషమును సేకరించుచున్నది మనవంటి సహకారసంఘమే యని మీలో ఎందఱికి తెలియును? తమిళదేశమున చెంగల్పట్టుప్రాంతపు ఇరుళజాతివారు తరతరములుగా పాములుపట్టి తోళ్లమ్ముకొని బ్రతికినవారు. 1972 చట్టముతోను, తరువాత తోళ్ల ఎగుమతి నిషేధముతోను వారి జీవనము పడిపోయెను. 1978లో, రోములస్ విటేకరు అను పాములశాస్త్రజ్ఞుని తోడ్పాటుతో వారు పాములు పట్టువారి సహకారసంఘమును స్థాపించుకొనిరి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటిని అనుమతితో పట్టి, కొన్నివారములుంచి, విషము పిండి, పొట్టపొలుసుమీద గుర్తుపెట్టి, తిరిగి అడవిలో విడుతురు. చంపి అమ్మిన తోలుకంటె బ్రతికించి పిండిన విషము వారికి ఎక్కువ కూలి నిచ్చినది. ఆ సంఘమునకు చెందిన వడివేలు గోపాలు, మాసి సడయను అను వారికి 2023లో పద్మశ్రీ లభించెను.

మనదేశపు విషవిరుగుడు మందు ఈ నాలుగుపాముల విషములను కలిపి గుఱ్ఱములకెక్కించి, వాని రక్తమునుండి తీసినది. నాలుగింటికి మందు ఒక్కటే కావున, కాటు తగిలినపుడు పామును వెదకుచు కాలము గడపుట వ్యర్థము. ఇంతవఱకు గుర్తులను నేర్పిన నేనే ఈ మాట చెప్పుచున్నాను: గుర్తులు కాటునకు ముందే పనికివచ్చును, తరువాత పనికివచ్చునది బండి. కఱచినది తోడేలుపామే యని ఇంటివారు నిశ్చయించుకొని రోగిని పండుకొనబెట్టుట మహాపాపము. కట్లపాముకాటు చీమకాటంత నొప్పియు ఉండదు, పండ్లగాట్లు కనబడకపోవచ్చును. అర్ధరాత్రి నేలమీద నిద్రించినవాడు కడుపునొప్పితో లేచి, కనుఱెప్పలు వాలి, మాట ముద్దయై, తెల్లవాఱునప్పటికి ఊపిరాడక పోవును. ఇంటివారు అజీర్ణమనుకొందురు.

కఱవబడినవానిని నడిపింపరాదు. కాటుతగిలిన కాలును లేక చేతిని బద్దతో కట్టి కదలకుండ చేయవలెను. బిగించి త్రాడు కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, పసరు పోయరాదు. ఉంగరము, కడియము తీసివేయవలెను. 108కి కబురుచేసి, మందు గల ప్రభుత్వవైద్యశాలకు చేర్చవలెను; ఊపిరికి యంత్రసాయము కావలసినచో అనంతపురము సర్వజన ఆసుపత్రికి పంపుదురు. దూరమునుండి ఛాయాచిత్రము దొరికిన తీసికొనుడు, లేనిచో పోనిండు. వైద్యుడు రక్తమును శుభ్రమైన గాజుగొట్టములో 20 నిమిషములుంచి చూచును. గడ్డకట్టనిచో పింజరవిషమని తెలియును. కట్లపాము విషమును ఱెప్పలను, శ్వాసను జూచి తెలిసికొనును. పాము పేరు చెప్పువాడు లేకున్నను రోగి శరీరమే చెప్పును.

2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన ననుసరించి, 2000 మొదలు 2019 వఱకు మనదేశమున పాముకాటుచే చనిపోయినవారు సుమారు 12 లక్షలు. సంవత్సరమునకు సగటున 58,000. అధికముగా చనిపోవుచున్న రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశము, తెలంగాణముతో గూడి, ఒకటి. చనిపోయినవారిలో హెచ్చుమంది పల్లెలవారే. హెచ్చు కాట్లు వానకాలముననే.

వేరుసెనగ పీకి కుప్పవేసిన దినములలో కావలికి పొలమున పండుకొనువారు మంచము తప్పక తీసికొనిపోవలెను. దోమతెర అంచులను పఱుపుక్రిందికి దోపవలెను. కట్లపాము మంచమెక్కుట అరుదు, తెర దాటుట అంతకంటె అరుదు. కుప్పను ఎత్తునప్పుడు చేయి పెట్టుటకుముందు కఱ్ఱతో కదపవలెను. చీకటిలో బహిర్భూమికి పోవువారు దీపమును, మడమ కప్పు చెప్పులను ధరింపవలెను. పాకలో దాణాబస్తాలను నేలనుండి జానెడెత్తున బల్లమీద పెట్టి, గోడకు దూరముగా నుంచినచో ఎలుకలు తగ్గును. ఎలుకలు తగ్గిన, వానికొఱకు వచ్చు అతిథులును తగ్గుదురు. కుబుసము దొరకినవారు దానిని ఊరిపేరు, తేది, దొరకిన చోటు వ్రాసిన కాగితపుసంచిలో పెట్టి కార్యాలయమున ఇచ్చినచో, శనివారము సంతనాడు నేను పరీక్షించి చెప్పగలను.